డీబీఆర్ మిల్లూ, మా తాతా

లోయర్ ట్యాంక్‌బండ్ వైపు వెళ్లే ఆటో ఎక్కి "డీబీఆర్ మిల్స్ దగ్గర ఆపండి" అంటే ఈ రోజుకీ ఆపుతారు. మిల్లు ఏదీ అని మాత్రం అడగకండి. ఆటో నడిపే అబ్బాయి పుట్టేనాటికే అది మూతపడి ఉంటుంది. ఆ మూడు ఇంగ్లిషు అక్షరాల వెనకున్న పూర్తి పేరు దివాన్ బహద్దూర్ రామ్‌గోపాల్ మిల్స్. సేఠ్ రామ్‌గోపాల్ మనకు ఇంకో రూపంలో తెలుసు. సికింద్రాబాద్‌లో రామ్‌గోపాల్‌పేట ఆయన పేరు మీదే వచ్చింది. ఎం.జి. రోడ్డు మీద గడియారమున్న పాత పోలీస్ స్టేషన్ భవనం ఆయన కట్టించిందే. చీరల కోసం జనరల్ బజార్‌కు పోతూ ఆ గడియారం ఎన్నిసార్లు చూసి ఉంటామో!

ఆయన పేరుతో 1920లో హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన బట్టల మిల్లు పెట్టారు. అంతకుముందే, 1870లలోనే, ఇదే చెరువు దగ్గర నగరంలో మొదటి నూలు మిల్లు వచ్చింది. బాయిలర్లకు నీళ్లు కావాలి కదా, చెరువు పక్కన ఉంటే ఆ బాధ లేదు. నిజాం రాజ్యంలో పెద్ద బట్టల మిల్లులంటే ఈ రెండూ, వరంగల్‌లో ఆజంజాహి, నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ, గుల్బర్గాలో మహబూబ్‌షాహీ, ఔరంగాబాద్‌లో ఒకటి. హైదరాబాద్ గురించి పుస్తకాలు తీస్తే నవాబులు, ముత్యాలు, బిర్యానీ, ఆ తర్వాత ఒక్కసారిగా హైటెక్ సిటీ. మధ్యలో ఈ ఊరు వేల మంది కార్మికులతో బట్ట నేసిందని, సిగరెట్లు చుట్టిందని, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు తయారు చేసిందని ఎవరూ పెద్దగా రాయరు. మా తాత ఆ మధ్య కాలానికి చెందిన మనిషి. అమ్మ వాళ్ల నాన్న. డీబీఆర్ మిల్లు మగ్గాల ఖాతాలో 38 ఏళ్లు పనిచేసి 1984లో రిటైరయ్యాడు. 2003లో పోయాడు.

తాతది భువనగిరి అవతల ఒక ఊరు. పద్మశాలీల ఇల్లు, ఇంట్లో గుంత మగ్గం. పదేళ్ల వయసుకే కండెలు చుట్టడం, పదిహేనేళ్లకు మగ్గంలో కూర్చోవడం. మరి మగ్గం వదిలి మిల్లుకెందుకు వచ్చాడు? చిన్నప్పుడు నేను అడిగితే "కడుపు నిండక" అనేవాడు. అంతటితో ఊరుకునేవాడు. డిగ్రీలో తెలుగుతో పాటు చరిత్ర కూడా చదివాను కాబట్టి నా దగ్గరో తయారుగా ఉన్న జవాబు ఉండేది: మిల్లు బట్ట వచ్చి చేనేతను చంపింది, నేతగాళ్లు కూలీలయ్యారు. పరీక్షలో అదే రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

తాత విషయంలో జరిగింది కొంచెం వేరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరకలేదు. మిల్లుల్లో తయారయ్యే నూలుకు కంట్రోలు పెట్టారు, నల్లబజారులో ధర ఆకాశానికి పోయింది. మగ్గం ఉంది, నేసే చేతులున్నాయి, పడుగు పోయడానికి పోగు లేదు. అంటే మా ముత్తాత మగ్గం ఆగిపోయింది మిల్లు బట్ట వచ్చినందుకు కాదు, మిల్లు నూలు రానందుకు. చేనేత అనగానే రాట్నం మీద వడికిన నూలే మన కళ్ల ముందుకొస్తుంది. కానీ తాత పుట్టేనాటికే మన ఊళ్ల మగ్గాల మీద నడిచేది చాలావరకు మిల్లు నూలే. ఎవరింటి మగ్గమైనా ఏదో ఒక మిల్లు గేటుకు కనపడని దారంతో కట్టేసి ఉండేది. ఈ ముక్క నాకు పుస్తకంలో కాదు, అమ్మమ్మ వంటింట్లో తెలిసింది.

ఆ కరువులో మా చిన్నతాత షోలాపూర్ పోయాడు. మన నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి షోలాపూర్, భీవండి, బొంబాయి పోయిన పద్మశాలీలు ఎంతమందో. ఇప్పటికీ అక్కడ తెలుగు పేటలున్నాయి. తాత అంత దూరం పోలేక హైదరాబాద్ వచ్చాడు. 1946లో బదిలీ పనివాడిగా చేరాడు. బదిలీ అంటే ట్రాన్స్‌ఫర్ కాదు, ఎవరైనా రాకపోతే ఆ రోజు వాళ్ల బదులు పని. తెల్లారి గేటు దగ్గర నిలబడాలి, పిలిస్తే కూలి, పిలవకపోతే తిరిగి గదికి. మస్తర్‌లో పేరు పక్కా అవ్వడానికి ఏడాది పైనే పట్టిందట.

అదే ఏడాది ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పుట్టింది. దాని అధ్యక్షుడు మఖ్దూం మొహియుద్దీన్, ఉర్దూ కవి. తాతకు కవిత్వం అర్థమైందో లేదో కానీ మఖ్దూం మాట్లాడితే వినడానికి పోయానని గర్వంగా చెప్పుకునేవాడు. ఉర్దూ చదవడం కూడా అప్పుడే నేర్చాడు. యూనియన్ కథలు మొదలైతే అమ్మమ్మ అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేది. సమ్మె రోజుల్లో ఇల్లు నడిపింది ఆమె మరి. అన్నట్టు, మన దేశంలో పేరున్న మిల్లు కార్మికుల సంఘాల్లో ఒకటైన అహ్మదాబాద్ మజూర్ మహాజన్‌ను నిలబెట్టింది ఒక ఆడమనిషి, అనసూయా సారాభాయి. 1918 సమ్మెలో కార్మికుల పక్కన నిలబడింది; ఎదురుగా ఉన్న మిల్లు యజమానుల్లో ఆమె సొంత అన్నదమ్ముడు అంబాలాల్. ఆ సంఘం పుట్టిందీ 1920లోనే.

మగ్గాల ఖాతా ఎలా ఉండేదో తాత చెప్పినంత చెబుతాను. మర మగ్గాన్ని వాళ్లు సాంచె అనేవాళ్లు. మనిషికి రెండు సాంచెలు. పోగు తెగితే ఆపాలి, కట్టాలి, మళ్లీ నడపాలి; ఒకటి కడుతుంటే రెండోది ఆగకూడదు. గాలి పొడిగా ఉంటే నూలు పుటుక్కున తెగుతుంది, అందుకని లోపల ఎప్పుడూ తేమ పట్టి ఉంచేవాళ్లు. ఎండాకాలం అందులో ఎనిమిది గంటలు నిలబడడమంటే ఇడ్లీ కుక్కర్లో నిలబడడమే. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారాన్ని దాని కంట్లోంచి బయటికి లాగాలి. నోరు పెట్టి ఒక్క పీల్పు పీలిస్తే దారం వచ్చేస్తుంది, క్షణం పని. ఒకే నాడెకు ఎంతమంది నోరు పెడతారో, ఏ జబ్బు ఎవరికి అంటుకుంటుందో. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పద్ధతిని 1911లోనే నిషేధించింది, ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 1952 దాకా సాగింది. ఏ దేశపు మిల్లైనా నేతగాడి నోట్లో నూలు దుమ్మే. ఇంటికి రాగానే తాతకు చిన్న బెల్లం ముక్క పెట్టాలి, గొంతులో దుమ్ము దిగుతుందని. రిటైరయ్యాక కూడా సాయంత్రం బెల్లం ముక్క అడిగేవాడు. షుగర్ వచ్చాక అమ్మమ్మ డబ్బా దాచేసింది. అదొక పెద్ద యుద్ధం.

ఇక చప్పుడు. వందల సాంచెలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడి కేక వినపడదు. అందుకని నేతగాళ్లు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. లాంకషైర్ మిల్లుల్లో ఆడవాళ్లు ఇలా షెడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి కబుర్లు చెప్పుకునేవాళ్లట. మా తాత ఏ లాంకషైర్ చూడలేదు కానీ అదే విద్య నేర్చాడు. అరుగు మీద కూర్చుని గల్లీ చివర ఇద్దరు ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పేసేవాడు. అమ్మమ్మ తల కొట్టుకునేది: "సిగ్గుండాలె. మొగోడివి, ఆడోళ్ల ముచ్చట్లు నీకెందుకయ్యా?" మా చిన్నప్పుడు క్రాస్‌రోడ్స్‌లో సినిమాకు తీసుకుపోతే, డబ్బింగ్ సినిమా అయితే పది నిమిషాల్లో కనిపెట్టేవాడు. "నోరొకటి అంటున్నది, మాటొకటి వస్తున్నది" అని విసుక్కునేవాడు. ముసలితనంలో చెవులు బాగా తగ్గాక ఇంట్లో మేమెవరం గొంతు పెంచలేదు. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడేవాళ్లం. ఇప్పటికీ మా అమ్మ ఫోన్లో మాట్లాడుతూ కూడా పెదవులు స్పష్టంగా కదుపుతుంది.

ఇంటి సంగతి చెప్పాలి. చిక్కడపల్లి మార్కెట్ నుంచి అశోక్‌నగర్ వైపు దిగే సందుల్లో ఒకదాంట్లో, 1960లలో చిట్టీ పాడి కొన్న రెండు గదుల రేకుల ఇల్లు. మిల్లుకు నడక. పొద్దున 7 గంటల పాళీ, మధ్యాహ్నం మూడున్నర పాళీ, రాత్రి 12 గంటల పాళీ. వారం వారం మారేవి. పాళీ మారినప్పుడల్లా ఇంటి వంట వేళ, పిల్లల నిద్ర వేళ అన్నీ మారేవి. భోంగ మోగిందంటే గల్లీ మొత్తం లేచేది, మిల్లులో పని లేనివాళ్లు కూడా. అమ్మమ్మ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఏదో ఒక తొక్కు సద్ది గిన్నెలో కట్టిచ్చేది. పగారు రోజున పచారీ బాకీ, చిట్టీ, పాల లెక్క తీరాక మిగిలింది ఆమె కొంగున ముడి. నారాయణగూడలో ఆడపిల్లల కోసం మాడపాటి హనుమంతరావు గారి బడి ఉంది కదా, 1928లో మొదలై తెలుగులో చదువు చెప్పిన బడి. మా అమ్మను అక్కడ చేర్పించాలని అమ్మమ్మే పట్టుబట్టిందట. తాత సంతకం పెట్టాడు, ఫీజు ముడి విప్పింది ఆమె.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తాత మిల్లులో చేరిన నాటి నుంచి మా ముత్తాత ఆయనతో సరిగా మాట్లాడలేదు. కొడుకు ఊరొదిలాడని కాదు, సాంచె ఎక్కాడని. పండుగకు తాత మిల్లు ధోవతితో పోతే గడపలోనే ఆపి, ఇంట్లో నేసిన పంచె ఇచ్చి మార్చుకోమనేవాడట. "సాంచె బట్ట ఒంటికి అంటదు" అనేవాడు. ఒకసారి తాతకు కోపం వచ్చి, మూలన ఉన్న నూలు కట్ట మీద మిల్లు ముద్ర చూపించి "నీ పడుగంతా మిల్లు నూలే గద నాయినా, గది అంటుతదా?" అన్నాడు. ఆయన జవాబు చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లు తాత ఊరికి పోలేదు.

ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది నాకు. 1953లో కేంద్ర ప్రభుత్వం మిల్లు బట్ట మీద గజానికి పావు అణా చొప్పున అదనపు సుంకం వేసి, ఆ డబ్బుతో చేనేత, ఖాదీలకు సాయం చేసింది. అంటే కొడుకు మిల్లులో నేసిన గజం మీద వసూలైన పావు అణా, సొసైటీ ద్వారా తండ్రి మగ్గానికి చేరే ఏర్పాటు. తండ్రి మగ్గానికి కావాల్సిన నూలు మళ్లీ ఏదో మిల్లు నుంచి. ఒకరినొకరు బతికించుకుంటూనే మాట్లాడుకోని తండ్రీకొడుకులు వీళ్లు. మిల్లు బట్ట వల్ల చేనేత దెబ్బతినలేదని నేననడం లేదు. దెబ్బ తిన్నది. చీరలు, ధోవతులు కొన్ని రకాలు చేనేతకే వదిలేయాలని 1985లో చట్టం చేయాల్సి వచ్చిందంటే అందుకే. కానీ ఒక ఇంట్లో ఆ రెండూ ఉంటే ఎలా ఉంటుందో చరిత్ర పుస్తకం చెప్పదు.

1961లో ముత్తాత పోయాడు. కబురు అందేసరికి తాత పాళీలో ఉన్నాడు. గేటు దగ్గరి నుంచే బస్సుకు పోయాడు, చంకలో ఒక తెల్ల లాంగ్‌క్లాత్ థాను. మిల్లు బట్టే. ఖాళీ చేతులతో పోలేక తీసుకున్నాడో, ఇంకేమనుకున్నాడో. అక్కడ కులపెద్దలు ఆ థాను చూసి ఇబ్బందిపడ్డారు. బతికినన్నాళ్లు ఒంటి మీద వేసుకోని బట్ట చచ్చాక కప్పుతామా అని. మగ్గం మీద సగం నేసిన పంచె ఉంది, అది కోసి కప్పుదామన్నారు. తాత ఏమీ అనలేదట, థాను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మా ముత్తవ్వ లోపలి నుంచి వచ్చింది. ఇదంతా అమ్మమ్మ కళ్లారా చూసి చెప్పింది. "మగ్గం మీది బట్ట కోయకుండ్రి, అది అమ్మితె నాకు నెల గడుస్తది. నా కొడుకు తెచ్చింది కప్పుండ్రి. వాడు శాలోడు కాదా?" అన్నది. అదే కప్పారు.

అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒక మాట కలిపేది: "ఆ థాను మీ తాత నేసిందో ఎవడు నేసిందో. మిల్లుల ఎవని బట్ట ఎవనికెరుక?" మగ్గం మీద నేసినవాడికి తన పంచె తెలుస్తుంది, అంచు చూసి గుర్తుపడతాడు. 38 ఏళ్లలో తాత ఎన్ని మైళ్ల బట్ట నేసి ఉంటాడో, అందులో ఒక్క గజం ఇది నాది అని చూపించలేడు. ముత్తాత కోపం అసలు దీని మీదేనేమో.

రిటైర్మెంట్ లెక్క మనలాంటి వాళ్లకు ముఖ్యం కాబట్టి వివరంగా చెబుతాను. 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. కానీ అప్పట్లో ఎంత సర్వీసు ఉన్నా 20 నెలల జీతం దాటకూడదని పరిమితి. అంటే 38 ఏళ్లలో చివరి మూడేళ్ల పైచిలుకు లెక్కలోకి రాలేదు. దానికి తోడు పి.ఎఫ్. డబ్బు. నెలనెలా పింఛను మాత్రం లేదు. మిల్లుల్లాంటి చోట పనిచేసేవాళ్లకు ఇప్పుడున్న ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది 1995 నవంబర్ 16న; తాత అప్పటికి 11 ఏళ్ల ముందే బయటికి వచ్చేశాడు. కుటుంబ పింఛను 1971 నుంచి ఉంది కానీ అది సర్వీసులో ఉండగా పోయినవాళ్ల కుటుంబాలకు. బతికి బయటపడినవాడికి చేతిలో ఒక్కసారి వచ్చిన డబ్బే.

ఆ డబ్బుతో తాత బ్యాంకులో డిపాజిట్ వేద్దామన్నాడు. అమ్మమ్మ వద్దన్నది. రేకులు తీయించి స్లాబు వేయించి, పైన ఒక గది కట్టించింది. అదెంత తెలివైన పనో తర్వాత తెలిసింది. అశోక్‌నగర్ పోటీ పరీక్షల అడ్డా అయింది. గ్రూప్స్ అనీ సివిల్స్ అనీ జిల్లాల నుంచి పిల్లలు దిగేవాళ్లు. ఆ గదిలో ఇద్దరు అబ్బాయిలు, నెలకింత అద్దె. తాత, అమ్మమ్మ 19 ఏళ్లు బతికింది దాని మీదే. తాత ఆ పిల్లలతో పాటే పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయేవాడు. వాళ్లు నోట్సులు రాసుకుంటుంటే ఈయన తెలుగు పేపరు, ఆ తర్వాత ఉర్దూ పేపరు. బొంబాయి సమ్మె సంగతి ఆయన ఎన్నేళ్లయినా వదల్లేదు. 1982 జనవరిలో దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని ఆపేశారు. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోనే లేదు. "బొంబాయే పడ్డంక మనది ఎన్ని రోజులు?" అనేవాడు.

1990లలో ఇక్కడి మిల్లు కూడా ఆగింది. తాత రిటైరై అప్పటికే చాలా ఏళ్లు, ఆయనకు రావాల్సింది ఏమీ లేదు. అయినా కొన్నాళ్లు సాయంత్రం పూట ఇందిరా పార్కు వైపు కాకుండా మిల్లు గేటు వైపు నడకకు పోయాడు. పోయి ఏం చేసేవాడివని అడిగితే, "చప్పుడు లేదు బిడ్డా" అన్నాడు. అప్పటికి ఆయనకు ఏ చప్పుడూ సరిగా వినపడదు.

2000 ఆగస్టు వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు పోయే నాలా పొంగి దోమల్‌గూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్ మునిగాయి. మా అమ్మమ్మ ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. పై గది పిల్లలే తాతను మోసి పైకి తెచ్చారు. కింద ఇనుప పెట్టెలో మిల్లు సర్వీసు కాగితం, పి.ఎఫ్. చీటీలు, యూనియన్ రసీదులు, పాస్ మీద అతికించిన ఒక చిన్న ఫోటో ఉండేవి. రెండు రోజుల తర్వాత తెరిస్తే అంతా ఒకే ముద్ద. మేము ఏడుస్తుంటే తాత ఆ ముద్దను చేత్తో పిండి చూసి, "మంచి కాయితమైతే పొరలు విడిపోవు" అన్నాడు. బురదలో దొరికిన బట్టలు మాత్రం అమ్మమ్మ ఉతికి ఆరేసింది. లాంగ్‌క్లాత్ లోలంగాలు, దిండు గలీబులు. ఒక్కటీ చిరగలేదు.

ఆ మిల్లులో తాత పనిచేశాడనడానికి ఇప్పుడు మా దగ్గర కాగితం ముక్క లేదు. ఆయన రెండు వేళ్ల మధ్య బట్ట నలిపి నూలు నంబరు చెప్పే విద్య మా అమ్మకు కొంత వచ్చింది. నాకు పోలిక తెలుస్తుంది కానీ నంబరు చెప్పలేను. మా అమ్మాయి ఆన్‌లైన్లో కొంటుంది, దానికి పట్టుకుని చూసే పనే లేదు.

అమ్మమ్మ 2011 దాకా ఉంది. చివరి వరకూ పొద్దున ఆరుకు ముందే లేచి స్టవ్ వెలిగించేది. ఒకరోజు నేనే అడిగాను, భోంగ లేదు, తాత లేడు, ఇంకా ఎందుకమ్మమ్మా ఈ చీకట్లో లేవడం అని.

"పాలోడు వస్తడు గదనే" అన్నది.